ఆ మాటలు కొడుకువి కావు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో యుద్ధం, రాక్ సంగీతం గురించి వచ్చిన వ్యాసం చదివాను. కెనడాకు చెందిన రష్ బృందం పాట ‘రెడ్ సెక్టార్ ఎ’ను గాయకుడు గెడ్డీ లీ తన తల్లి అనుభవాల ఆధారంగా రాసుకున్నాడని అందులో ఉంది. తల్లి అనుభవమన్న మాట నిజమే. పాట రాసింది మాత్రం ఆయన కాదు, ఆ బృందంలో డ్రమ్స్ వాయించిన నీల్ పియర్ట్. పొరపాటు చిన్నదే కానీ అసలు విషయమంతా అక్కడే ఉందని ఈ ఉత్తరం.

గెడ్డీ లీ తల్లిదండ్రులు పోలండ్ యూదులు. నాజీల వెట్టిచాకిరీ శిబిరంలో, లేత వయసులో ఒకరికొకరు పరిచయమయ్యారు. తరువాత ఇద్దరినీ ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి తరలించారు. అక్కడినుంచి తండ్రి డకావు శిబిరానికి, తల్లి బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి చేరారు. 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం బెల్సెన్‌లో అడుగుపెట్టేనాటికి అక్కడ దాదాపు 60 వేలమంది ఖైదీలు ఉన్నారు. పూడ్చే దిక్కులేక వేల శవాలు పడి ఉన్నాయి. ఆ రోజు ఆమె కిటికీలోంచి చూస్తే కాపలావాళ్ళు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారట. రోజూ ఒక చేత్తో సెల్యూట్ చేసేవాళ్ళు, పొగరెక్కి ఇప్పుడు రెండు చేతులతో చేస్తున్నారనుకుందట. వాళ్ళు లొంగిపోయారన్న ఊహే ఆమెకు రాలేదు. బయట ప్రపంచమంటూ ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు వచ్చి ఉండేవారు, రాలేదు కనుక ప్రపంచమే మిగల్లేదు. ఖైదీల లెక్క అది.

ఆమె ఆ సంగతులను పిల్లల దగ్గర దాచలేదు. కొడుకు విన్నాడు, స్నేహితుడికి చెప్పాడు. స్నేహితుడు రాశాడు. 1984లో వచ్చిన ‘గ్రేస్ అండర్ ప్రెషర్’ ఆల్బమ్‌లో కొడుకే దాన్ని పాడాడు. పాటలో జర్మనీ పేరు లేదు, యూదులన్న మాట లేదు. ‘రెడ్ సెక్టార్ ఎ’ అన్నది కూడా శిబిరం పేరు కాదు. 1981లో బృందంలోని ముగ్గురూ ఫ్లోరిడాలో కొలంబియా అంతరిక్ష నౌక ప్రయోగాన్ని చూసిన చోటుకు ఉన్న పేరది. ఏ దేశపు ఖైదీకైనా సరిపోయేలా పియర్ట్ కావాలనే అలా రాశాడు. ఇంకొక సంగతి. బేస్ గిటార్‌తోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న గెడ్డీ లీ ఈ పాటలో దాన్ని ముట్టుకోలేదు, కీబోర్డులతోనే నడిపాడు. దీనికి అర్థం వెతకడం నా చాపల్యమే కావచ్చు. తల్లి కథను సొంత మాటల్లో పాటగా మలచడానికి మాత్రం ఆయనకు 2000లో సొంత ఆల్బమ్ వచ్చేదాకా పట్టింది.

అసలు ఆయన పేరే తల్లి యాసలోంచి పుట్టింది. ‘గ్యారీ’ అని పిలవబోతే ఆమె నోట ‘గెడ్డీ’ అని పలికేది.

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్‌లో ఒకప్పుడు ఉన్న రోజర్ వాటర్స్ సంగతి వేరు. ఆయన అయిదు నెలల పసివాడుగా ఉండగానే, 1944లో, తండ్రి ఇటలీలోని ఆంజియో పోరులో చనిపోయాడు. చెప్పేవాడే లేని ఖాళీని ఆయన పాట మీద పాటగా రాస్తూనే ఉన్నాడు. బతికి వచ్చినవాళ్ళ పిల్లలకు ఇంకో రకం బరువు. ఎదురుగా మనిషి ఉంటాడు. అడగాలంటే నోరు రాదు.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. మా నాన్న 1965 యుద్ధంలో పంజాబ్ సరిహద్దున ఉన్నారు. ఇంట్లో ఆయనను ఎవరూ తట్టి లేపకూడదు. మంచానికి నాలుగడుగుల దూరంలో, కాళ్ళవైపు నిలబడి ‘నాన్నగారూ’ అని పిలవాలి. అది అమ్మ పెట్టిన నియమం. ఎందుకని మేమూ అడగలేదు, ఆమే చెప్పలేదు. నాకు పెళ్ళయిన కొత్తలో నా భార్య భుజం తట్టి లేపితే నేను ఉలిక్కిపడి కూర్చున్నాను. నేను ఏ యుద్ధానికీ వెళ్ళినవాణ్ణి కాను.

మా జిల్లాలో మిలిటరీ మాధవరం ఉంది. తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊరు. విశాఖ కంచరపాలెంలో, బర్మా నుంచి తిరిగివచ్చినవాళ్ళు స్థిరపడిన బర్మా క్యాంపు ఉంది. అక్కడివాళ్ళ పెద్దల్లో యుద్ధాన్నీ, వలసనూ రెండింటినీ చూసినవారున్నారు. ఏటా కార్గిల్ దినం నాడు, విజయ్ దివస్ నాడు శాలువాలు, దండలు, ఫోటోలు. మీ పత్రికా వేస్తుంది. కప్పించుకున్నాయనను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఆయన పక్కన నిలబడ్డ కొడుకునో కూతురినో అసలే అడగరు. పింఛను, ఇంటి స్థలం, పిల్లల చదువు అన్నింటికీ దరఖాస్తులున్నాయి. విన్నది రాసిపెట్టుకునే పుస్తకం ఏ కార్యాలయంలోనూ నేను చూడలేదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు తలుచుకుంటే ఒక రికార్డరు, ఓపికగల ఒక మనిషి చాలు. చెప్పడం ఇష్టంలేనివారిని వదిలేయాలి. రాత్రి నిద్రలేని ఇళ్ళకు వైద్యుడినీ పంపాలి. మీరు కూడా వారానికి అర పేజీ ఇవ్వగలరు. 1971లో పోరాడినవారిలో అందరికన్నా చిన్నవారికి కూడా ఇప్పుడు డెబ్బై దాటింది. మా నాన్న విషయంలో నాకు ఆలస్యమైపోయింది. మీ విలేకరులు ఈ డిసెంబరు 16 విజయ్ దివస్‌కు ముందే బయలుదేరవచ్చు.

— ఒక మాజీ సైనికుడి కుమారుడు,
తాడేపల్లిగూడెం