మాంగనీసు గడి చదవడం మన పిల్లలకు నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి ఆవర్తన పట్టిక (మూలకాలను వరుసల్లో అమర్చిన పట్టిక) పాఠాన్ని తీసేసింది. పదకొండులో ఉంది కదా అంటారు. పది పాసై ఐటీఐకో, పనికో వెళ్లే పిల్లల మాటేమిటి? గరివిడి, చీపురుపల్లి పక్క మాంగనీసు గనులున్నాయి, శ్రీకాకుళం తీరపు ఇసుకలో టైటానియం ఖనిజం ఇల్మనైట్ ఉంది. ఇవి పట్టికలో ఎక్కడున్నాయో, అక్కడుంటే గుణమేమిటో చెప్పడానికి రెండు క్లాసులు చాలు. పేర్లను పాట కట్టి బట్టీ పట్టించడం మాత్రం వద్దు.

మూలకం ఏ గ్రూపులో, అంటే ఏ నిలువు వరుసలో ఉందో కనుక్కోవడానికి జడవాయువుల (హీలియం, నియాన్ లాంటివి) పరమాణు సంఖ్యలు 2, 10, 18, 36, 54 గుర్తుంటే చాలు. మూలకం పరమాణు సంఖ్యలోంచి దాని వెనకున్న జడవాయువు సంఖ్య తీసేయాలి. నాలుగు, ఐదు పీరియడ్లలో (అడ్డు వరుసల్లో) మిగిలిందే గ్రూపు. 34లో 18 పోతే 16, అంటే ఆక్సిజన్ కుటుంబం, అది సెలీనియం. రెండు, మూడు పీరియడ్లలో మిగిలింది రెండు దాటితే పది కలపాలి. క్లోరిన్‌కు 17లో 10 పోతే 7, కాబట్టి గ్రూపు 17. బయటి కర్పరం (ఎలక్ట్రాన్ల పొర) నిండడానికి ఒక ఎలక్ట్రాన్ తక్కువ, అందుకే వేలన్సీ (సంయోజక సామర్థ్యం) 1. ఆరో పీరియడ్‌లో లాంథనైడ్లు (పట్టిక కింద విడిగా చూపే మూలకాలు) అడ్డొస్తాయి గనక సీసానికి (82) 54తో పాటు మరో 14 తీసేస్తే గ్రూపు 14 వస్తుంది.

పిల్లలు తప్పేది మాంగనీసు దగ్గరే. దాని పరమాణు సంఖ్య 25కు ఎలక్ట్రాన్లను 2, 8, 8, 7 అని రాసి దాన్ని హాలోజన్ (క్లోరిన్ కుటుంబం) చేసేస్తారు. ఆ ఎనిమిది లెక్క కాల్షియం (20) దాకానే. ఆ తర్వాతి ఎలక్ట్రాన్లు మూడో కర్పరంలోకి చేరతాయి, అందుకే విన్యాసం 2, 8, 13, 2. గ్రూపు 7, గరిష్ఠ ఆక్సీకరణ స్థితి +7. బావుల్లో వేసే పర్మాంగనేటులో ఉన్నది అదే. టైటానియం గ్రూపు 4, స్థితి +4. పెయింట్లకు తెలుపునిచ్చే డైఆక్సైడ్ అలా వచ్చిందే. ఈ వరుసలో మాంగనీసు దాటితే గ్రూపు సంఖ్యే గరిష్ఠ ఆక్సీకరణ స్థితి అనే ఈ సూత్రం పనిచేయదు. పక్కనున్న ఇనుము గ్రూపు 8 అయినా మామూలుగా కనిపించేవి +2, +3లే. ఈ హద్దు చెప్పకుండా సూత్రమొక్కటే నేర్పితే బట్టీయే నయం.

ఇక గోడల మీది చార్టులు. పాతవాటిలో గ్రూపులు ఏడు-ఏ, ఏడు-బీ అని ఉంటాయి, ఇప్పటి పుస్తకాల్లో 1 నుంచి 18. క్లోరిన్, మాంగనీసు రెండూ ‘ఏడు’లో కనబడితే పిల్లవాడు తికమకపడడా? 2016లో పేర్లు ఖరారైన 113, 115, 117, 118 గళ్లు వాటిలో ఉండనే ఉండవు. బడులు తెరిచేలోగా జిల్లా విద్యాశాఖ వీటిని మార్పించాలి. కొత్త చార్టులో పరమాణు సంఖ్య వెనక బెంచీకి కనబడేంత పెద్దగా ఉండాలి. రంగుల హంగు తర్వాత సంగతి.

— ఒక రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, చీపురుపల్లి, విజయనగరం జిల్లా