పదిసార్లు రాయిస్తే వచ్చేది కాదు

ఎడిటర్ గారికి,

మా బాబు ఆరో తరగతి. వేమన పద్యం రెండుసార్లు వింటే చాలు, అప్పజెప్పేస్తాడు. అదే పద్యం పుస్తకంలో చూసి చదవమంటే చెమటలు పట్టేస్తాయి. ‘పని’ని ‘వని’ అంటాడు, ‘భద్రం’ దగ్గర ఆ క్రావడిని ఏం చేయాలో తెలియక ఆగిపోయి ‘బదరం’ అని నా మొహంలోకి చూస్తాడు.

మూడేళ్లు స్కూల్లో ఒకటే మాట: “తెలివి ఉందండీ, బద్ధకం.” తప్పు పోయిన ప్రతి మాటా పదిసార్లు రాయించేవాళ్లు. ఇంట్లో నేనూ అదే చేశాను, ఒకట్రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను, తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

పోయినేడాది పరీక్షలు చేయిస్తే డిస్లెక్సియా అని తేలింది. ఇది చూపు లోపం కాదు, తెలివితక్కువతనం అసలే కాదు. మాటలోని శబ్దాలను విడదీసుకుని ఒక్కోదాన్నీ అక్షరంతో కలుపుకోవడం వీళ్లకు చాలా కష్టం. ఇదంతా ఇంగ్లిష్ స్పెల్లింగుల గొడవేనని చాలామంది అనుకుంటారు గానీ, పలికినట్టే రాసే తెలుగులోనూ ఉంటుంది, గుణింతాల దగ్గరా ఒత్తుల దగ్గరా బయటపడుతుంది, చదవడం వచ్చాక కూడా నెమ్మదిగానే సాగుతుంది.

ఇప్పుడు స్పెషల్ ఎడ్యుకేటర్ చెప్పినట్టు, అక్షరాభ్యాసం నాటిలాగే పళ్లెంలో బియ్యం పోసి, ‘ద్ర’ అని పైకి పలుకుతూ వేలితో దిద్దిస్తున్నాను. రోజుకు నాలుగైదు మాటలే. సోషల్ పాఠం నేను చదివితే విని, జవాబులు నోటితో చెబుతాడు, అవి చక్కగా చెబుతాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన లోపాలూ ఉన్నాయి. పిల్లల్లో వీటిని వీలైనంత తొందరగా గుర్తించాలని ఆ చట్టమే చెబుతోంది. మరి చాలా ఇళ్లలో ఈ మాట వినబడేది పదో తరగతికి వచ్చాక, పరీక్షలో జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ కోసం, అదనపు సమయం కోసం సర్టిఫికెట్టుకు తిరిగేటప్పుడే. అప్పటికి పిల్లాడు తాను మొద్దునని నమ్మేసి ఉంటాడు.

టీచర్లకు నాదొక్కటే మనవి. రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ప్రతి పిల్లాడినీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పేజీ పైకి చదివించి వినండి. అనుమానం వస్తే ఇంపోజిషన్ ఇవ్వకుండా తల్లిదండ్రులను పిలిచి చెప్పండి. విద్యాశాఖ వాళ్లు ఇందుకు టీచర్లకు శిక్షణ ఇప్పించాలి.

– ఒక తల్లి, రాజమహేంద్రవరం