సిలికాన్-28 మన దగ్గరే తయారు చేయించండి: కేంద్ర శాస్త్ర సాంకేతిక మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర శాస్త్ర సాంకేతిక, అణుశక్తి శాఖల సహాయ మంత్రి డాక్టర్ జితేంద్ర సింగ్ గారికి,

మంత్రి గారూ, నమస్కారం.

నేను భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్‌ని. శాస్త్ర సాంకేతిక శాఖ, అణుశక్తి శాఖ కలిసి కూర్చుంటే తప్ప జరగని పని ఒకటుంది. ఆ రెండూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. క్వాంటమ్ కంప్యూటర్ చిప్‌లకు కావలసిన శుద్ధమైన సిలికాన్-28ని (సిలికాన్ పరమాణువుల్లో ఒక రకం) మన దేశంలోనే తయారు చేయించండి. నేను అడిగేది ఇదే.

2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ జాతీయ క్వాంటమ్ మిషన్‌కు రూ.6,003.65 కోట్లు ఆమోదించింది. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారం ఉంచే ప్రాథమిక యూనిట్లు) దాకా ఉన్న కంప్యూటర్లు రావాలని లక్ష్యం పెట్టుకున్నారు. వాటిని ఏ పద్ధతుల్లో కడతారో చెప్పేచోట ఉదాహరణగా పేర్కొన్నవి సూపర్‌కండక్టింగ్ (విద్యుత్ నిరోధం లేని పదార్థాలతో చేసేది), ఫోటోనిక్ (కాంతితో చేసేది) పద్ధతులు. సెమీకండక్టర్ల మాట మాత్రం కొత్త పదార్థాల గురించి రాసిన చోట వచ్చి అక్కడితో ఆగిపోయింది. ఇక అమరావతి క్వాంటమ్ వ్యాలీ కోసం ప్రకటించిన ఐబీఎం యంత్రంలో ఉండేది 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్. అదీ సూపర్‌కండక్టింగ్ రకమే. ఆ యంత్రం రావడం నాకు నిజంగా సంతోషం. మన పిల్లలు దాని మీద ప్రోగ్రాములు రాస్తారు, చాలా నేర్చుకుంటారు. కానీ చిప్‌ని వాడటం నేర్చుకున్నంత మాత్రాన చిప్ చేయడం రాదు. ఆ విద్యకు దగ్గరి దారి మనం ఇప్పటికే వేల కోట్లు పెడుతున్న సెమీకండక్టర్ రంగంలోంచే వెళుతుంది.

ఆ దారి పేరు స్పిన్ క్యూబిట్. 1998లో డేనియల్ లాస్, డేవిడ్ డివిన్సెంజో ఒక ఆలోచన ప్రతిపాదించారు. సెమీకండక్టర్ మీద సన్నటి లోహపు గేట్లు పెట్టి, వాటికి వోల్టేజి ఇచ్చి, కింద ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ని బంధించాలి. ఆ చోటునే క్వాంటమ్ డాట్ అంటారు. ఎలక్ట్రాన్‌ని చిన్న అయస్కాంతంలా చేసే సహజ గుణమే స్పిన్. అయస్కాంత క్షేత్రంలో ఆ ఎలక్ట్రాన్ స్పిన్‌కి రెండు స్థితులుంటాయి, పైకి ఒకటి, కిందికి ఒకటి. క్యూబిట్‌కు కావలసినవి ఆ రెండే. మైక్రోవేవ్ పల్స్‌తో స్పిన్‌ని తిప్పవచ్చు. పక్కపక్కనున్న రెండు డాట్ల మధ్య అడ్డుగోడను వోల్టేజితో కాస్త తగ్గిస్తే రెండు ఎలక్ట్రాన్లూ ఒకదాన్నొకటి గుర్తిస్తాయి, ఆ కాసేపట్లో రెండు క్యూబిట్ల గేటు పూర్తవుతుంది. అదే ఏడాది ఆస్ట్రేలియాలో బ్రూస్ కేన్ సిలికాన్‌లో నాటిన ఫాస్ఫరస్ పరమాణువులతోనే క్వాంటమ్ కంప్యూటర్ కట్టవచ్చని రాశారు. ఇలాంటి క్యూబిట్ పరిమాణం వంద నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, దాన్ని చేసే పద్ధతులు మామూలు ట్రాన్సిస్టర్ పద్ధతులకు చుట్టాలే. సెమీకండక్టర్ ఫ్యాబ్‌లు (చిప్ కర్మాగారాలు) కట్టుకుంటున్న దేశం ఈ మాట పట్టించుకోకపోతే నాకు బాధగా ఉంటుంది.

మొదట్లో ఈ ప్రయోగాలు గాలియం ఆర్సెనైడ్‌లో చేశారు. 2004లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఒక్క ఎలక్ట్రాన్ స్పిన్‌ని ఒకే ప్రయత్నంలో చదివారు. 2005లో హార్వర్డ్‌లో రెండు ఎలక్ట్రాన్ల జంటను వోల్టేజి పల్సులతో నడిపించారు. గొప్ప పనులే. కానీ గాలియం, ఆర్సెనిక్ పరమాణువులన్నిటి కేంద్రకాలకూ సొంత స్పిన్ ఉంటుంది. ఒక్కో డాట్ కింద అలాంటివి లక్షల్లో ఉంటాయి. తిరునాళ్ల గోలలో చెవిలో చెప్పిన మాట ఎంత నిలుస్తుందో, ఆ చిన్న అయస్కాంతాల సందడిలో ఎలక్ట్రాన్ తన క్వాంటమ్ స్థితిని అంతసేపే నిలుపుకుంటుంది. సుమారు పది నానోసెకన్లు. గాలియం ఆర్సెనైడ్‌ని ఎంత శుద్ధి చేసినా ఈ గోల పోదు, ఎందుకంటే స్పిన్ లేని స్థిరమైన ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణు రకం) ఆ మూలకాలకు అసలు లేదు.

సిలికాన్‌కు ఉంది. ఇసుకలో దొరికే సిలికాన్‌లో 92 శాతానికి పైగా సిలికాన్-28. దాని కేంద్రకానికి స్పిన్ సున్నా. సుమారు 3 శాతం ఉండే సిలికాన్-30కీ అంతే. అల్లరంతా 4.7 శాతం ఉండే సిలికాన్-29ది. దాన్ని తీసేస్తే ఎలక్ట్రాన్ చుట్టూ దాదాపు నిశ్శబ్దం. 2014లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్లు సిలికాన్-29ని పది లక్షల్లో 800 వంతులకు తగ్గించిన సిలికాన్‌లో క్వాంటమ్ డాట్ చేసి కొలిస్తే ఎలక్ట్రాన్ స్థితి 120 మైక్రోసెకన్లు నిలిచింది. గాలియం ఆర్సెనైడ్ లెక్కతో చూస్తే పది వేల రెట్లు. నడుమ పల్సులు ఇస్తూ కాపాడితే 28 మిల్లీసెకన్ల దాకా నిలిచింది. ఈ తేడాలో సింహభాగం పదార్థం మార్చి, శుద్ధి చేసినందుకే వచ్చింది. అందుకే మంత్రి గారూ, ఈ రంగంలో పోటీ ప్రయోగశాలలో మొదలవదు, ఐసోటోపులు వేరు చేసే కర్మాగారంలో మొదలవుతుంది.

ఆ కర్మాగారాలు ప్రపంచంలో ఎన్నో లేవు. కిలోగ్రాము కొత్త నిర్వచనం 2019లో అమల్లోకి వచ్చింది. దానికి ముందు కొలతల కోసం చేసిన సిలికాన్ గోళాలకు సిలికాన్-28 రష్యా సెంట్రిఫ్యూజ్‌లలోనే (వాయువును అతివేగంగా తిప్పి బరువు తేడాతో వేరు చేసే యంత్రాలు) వేరైంది, జర్మనీలో స్ఫటికంగా పెరిగింది. క్వాంటమ్ ప్రయోగశాలలు కూడా చాలా ఏళ్లు రష్యా సరుకు మీదే ఆధారపడ్డాయి. ఉక్రెయిన్ యుద్ధం, ఆంక్షలు వచ్చాక అందరికీ టెన్షన్ మొదలైంది. ఇప్పుడు దక్షిణాఫ్రికాలో ఒక ప్రైవేటు కంపెనీ ఇదే పనికి దిగింది. రేపు ఈ సరుకు ఎవరికి అమ్మాలి, ఎవరికి ఆపాలి అన్నది కూడా విదేశాంగ విధానంలో భాగమైపోతే మన మిషన్ ఏం చేస్తుంది?

ఇక్కడ మా జిల్లా మాట చెప్పాలి. అశ్వాపురం దగ్గర గోదావరి నీటి నుంచి భారజలం (డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) తీసే మణుగూరు కర్మాగారం 1991 నుంచి నడుస్తోంది. మామూలు నీటిలో పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు డ్యుటీరియం ఉండేది సుమారు 150 మాత్రమే. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి ప్రమాదకరమైన వాయువుతో పని చేస్తూ, ఆ కొద్దిపాటి డ్యుటీరియాన్ని అణు రియాక్టర్‌కు పనికొచ్చే స్థాయికి చేర్చే నేర్పు అక్కడి ఇంజినీర్లకు, ఆపరేటర్లకు ఉంది. అణుశక్తి శాఖ కింద ఉండే హెవీ వాటర్ బోర్డు బోరాన్-10ని కూడా వేరు చేసింది. ఆ పనులతో పోలిస్తే సిలికాన్ వ్యవహారం ఒక విధంగా తేలిక, కావలసిన ఐసోటోపు మొదటే 92 శాతం ఉంది. భారజలం పద్ధతి సిలికాన్‌కు నేరుగా పనికిరాదని నాకు తెలుసు. మామూలుగా సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ వాయువును సెంట్రిఫ్యూజ్‌లలో తిప్పుతారు. ఫ్లోరిన్‌కు స్థిరమైన ఐసోటోపు ఒకటే కాబట్టి బరువులో తేడా అంతా సిలికాన్ వల్లే వస్తుంది, వేరు చేయడం సులువవుతుంది. గ్యాస్ సెంట్రిఫ్యూజ్ మన అణుశక్తి శాఖకు కొత్త విద్య కాదు. దాన్నే వాడాలా, వేరే పద్ధతి చూడాలా, ఏ ఊళ్లో పెట్టాలి అన్నది ఆ ఇంజినీర్లే తేల్చాలి. మా జిల్లాలోనే పెట్టమని నేను పట్టుబట్టడం లేదు, పెడితే మాత్రం ఎంతో సంతోషిస్తాను.

పరిమాణం చూసి భయపడనక్కర్లేదు. వేఫర్ (చిప్‌లు చేసే పలచని సిలికాన్ పళ్లెం) మొత్తం సిలికాన్-28తో చేయనక్కర్లేదు, మామూలు వేఫర్ మీద పలచని పొర చాలు. 300 మిల్లీమీటర్ల వేఫర్ మీద వంద నానోమీటర్ల పొరకు పట్టే సిలికాన్ లెక్కవేస్తే 16 మిల్లీగ్రాములు. పొర వేసేటప్పుడు చాలా గ్యాస్ వృథా అవుతుంది, అది కలుపుకున్నా మన ప్రయోగశాలలకు ఏళ్ల తరబడి కొన్ని కిలోలు సరిపోతాయి. అసలు కష్టం వేరేచోట ఉంది. టెట్రాఫ్లోరైడ్‌ని, పొర వేయడానికి వాడే సిలేన్ వాయువుగా మార్చేటప్పుడు రసాయన శుద్ధి చెడకూడదు. ఐసోటోపు ఎంత శుద్ధంగా ఉన్నా, వేరే మలినాలు చేరితే చిప్‌కు పనికిరాదు. ఈ దశకు మీరు విడిగా మనుషుల్ని, డబ్బును కేటాయించాలి.

మీ సలహాదారులు ఒక అభ్యంతరం చెబుతారు, అందులో న్యాయం ఉంది. సూపర్‌కండక్టింగ్ చిప్‌లు వంద క్యూబిట్లు దాటి చాలా కాలమైంది. స్పిన్ వైపు 2022లో డెల్ఫ్ట్ చేసింది ఆరు, 2023లో ఇంటెల్ ప్రకటించిన టన్నెల్ ఫాల్స్ చిప్‌లో పన్నెండు. డాట్‌కీ డాట్‌కీ పోలిక ఉండదు, ఒక్కోదానికి విడిగా వోల్టేజిలు సరిచూసుకోవాలి, ఉపరితలం దగ్గర విద్యుదావేశాల అలజడి ఉంటుంది. ఇవన్నీ నిజమే. అయితే 2022 జనవరిలో డెల్ఫ్ట్, జపాన్‌లోని రికెన్, సిడ్నీ బృందాలు మూడూ సిలికాన్‌లో రెండు క్యూబిట్ల గేట్లు 99 శాతం పైన కచ్చితత్వంతో పనిచేస్తాయని చూపించాయి. దోషాలను సరిదిద్దే పద్ధతులు మొదలయ్యే గడప దాదాపు అదే. 2025లో బెల్జియంలోని ఐమెక్ పరిశోధన సంస్థ పారిశ్రామిక ఫ్యాబ్‌లో చేసిన చిప్‌ల మీద కూడా ఆ స్థాయి వచ్చింది. అంతకుముందు 2020లోనే సిడ్నీ, డెల్ఫ్ట్ వాళ్లు ఈ క్యూబిట్లను ఒక కెల్విన్ (సుమారు మైనస్ 272 డిగ్రీల సెల్సియస్) పైన నడిపారు. సూపర్‌కండక్టింగ్ యంత్రాలకు కెల్విన్‌లో వందో వంతు చలి కావాలి, దానికి అరుదైన హీలియం-3 వాడే ఖరీదైన ఫ్రిజ్‌లు దిగుమతి చేసుకోవాలి. ఒక కెల్విన్ దగ్గరైతే చల్లబరచడం ఎంతో తేలిక.

సిలికాన్-28 చేతికొచ్చాక దాన్ని వాడే చోటు కూడా ఉండాలి. సన్నటి గేట్లు గీసే సదుపాయాలు బెంగళూరు ఐఐఎస్సీలో, ఐఐటీ బొంబాయిలో ఉన్నాయి. మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో 180 నానోమీటర్ల లైన్ ఉంది. క్వాంటమ్ డాట్ గేట్లకు అది చాలదు, కానీ చుట్టూ ఉండే పెద్ద భాగాలు అక్కడ చేసి, సన్నపని ఈ సంస్థల్లో పూర్తిచేయవచ్చు. మొహాలీ ల్యాబ్ ఎలక్ట్రానిక్స్ శాఖ కింద ఉంది కాబట్టి ఆ మంత్రి గారితో మాట్లాడాల్సింది మీరే. ఏటా కొన్ని వేఫర్లు విశ్వవిద్యాలయాల పరిశోధకులకు పక్కన పెట్టించండి. హైదరాబాద్‌లో గానీ తిరుపతిలో గానీ ఒక పీహెచ్‌డీ విద్యార్థి ఈ పని చేయాలనుకుంటే డెల్ఫ్ట్‌కో సిడ్నీకో దరఖాస్తు పెట్టుకోవడం ఒక్కటే దారి కాకూడదు.

జాతీయ క్వాంటమ్ మిషన్‌లో సెమీకండక్టర్ స్పిన్ క్యూబిట్లను కంప్యూటింగ్ పద్ధతిగా పేరు పెట్టి చేర్చండి. సిలికాన్-28 మీద హెవీ వాటర్ బోర్డుతో సాధ్యాసాధ్యాల నివేదిక తయారు చేయించి, రక్షణకు సంబంధించిన భాగాలు పక్కన పెట్టి మిగతాది పార్లమెంటు ముందు ఉంచండి. సాధ్యం కాదని ఆ నివేదిక తేల్చినా, ఎందుకు కాదో చదివి మా విద్యార్థులకు చెప్పుకుంటాం.

మీ సమాధానం కోసం ఎదురుచూస్తూ,

ఒక ఫిజిక్స్ లెక్చరర్
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, తెలంగాణ