గేటు ఎత్తిందెవరు?

సంపాదకుల వారికి,

చరిత్ర మలుపుల గురించి పత్రికల్లో ఎప్పుడు రాసినా పెద్ద నాయకుల ఫొటోలే వేస్తారు, నా గొడవంతా అదే. బెర్లిన్ నగరాన్ని తూర్పు, పశ్చిమాలుగా చీల్చిన గోడ తెరుచుకున్న రోజు, 1989 నవంబర్ 9 సంగతే చూడండి. తూర్పు జర్మనీ అధికార పార్టీ ప్రతినిధి గుంటర్ షబోవ్‌స్కీ ఆ సాయంత్రం ప్రెస్‌మీట్‌కి వచ్చాడు, చేతిలోని కాగితం ముందుగా సరిగ్గా చదువుకోనే లేదు. జనాన్ని పశ్చిమానికి వెళ్లనిచ్చే కొత్త ప్రయాణ నిబంధనలు ఎప్పటినుంచి అని విలేకరులు అడిగితే కాగితాలు అటూ ఇటూ తిప్పి, ‘నాకు తెలిసి, వెంటనే’ అనేశాడు. నిజానికి అవి మర్నాటి నుంచి, అదీ అర్జీ పెట్టుకున్నవాళ్లకి!

టీవీలో విన్న జనం బెర్లిన్ గోడ దగ్గరికి పోటెత్తారు. బోర్న్‌హోమర్ వీధి చెక్‌పోస్టులో హరాల్డ్ యేగర్ అనే అధికారి పైవాళ్లకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు, ఒక్కరూ తేల్చి చెప్పలేదు, చివరికి ఆ టెన్షన్‌లో రాత్రి పదకొండున్నర ప్రాంతంలో తనంతట తానే గేటు ఎత్తించేశాడు.

అలాగని ఒకడు నోరు జారితే గోడ కూలిందనడం కూడా నాకు నచ్చదు. సరిగ్గా నెల ముందు, అక్టోబర్ 9న, తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో దాదాపు 70 వేల మంది ప్రభుత్వానికి వ్యతిరేకంగా రోడ్డెక్కారు, కాల్పులు జరుగుతాయన్న భయం ఉన్నా వెనక్కి తగ్గలేదు. అసలు మలుపు అదేనంటాను. ఈసారి ఆ రోజు గురించి కూడా ఒక పేజీ కేటాయించండి.

– ఒక పాఠకుడు