సముద్ర పక్షుల సంగతులు పిల్లలకు వివరంగా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల శీర్షికల్లో సముద్రం బొమ్మ పైన రెండు తెల్లని గీతలు గీసి, కింద సీగల్ అని రాసి సరిపెట్టడం పరిపాటి అయింది. గల్ పక్షులు, టెర్న్‌లు, స్కిమ్మర్‌లు ఒకే కుటుంబానికి చెందినవే అయినా వాటి వేట తీరు వేరు. టెర్న్ గాలిలో రెక్కలాడిస్తూ నిలిచి, చేప కనబడగానే తలకిందులుగా నీటిలోకి దూకుతుంది. స్కిమ్మర్ పొడవైన కింది ముక్కును నీటిలో ముంచి అలాగే ఎగురుతుంది. గల్‌కు అలాంటి నియమాలేమీ లేవు, దొరికినదల్లా తింటుంది.

హెర్రింగ్ గల్ పసుపు ముక్కు కింది భాగంలో ఒక ఎర్రని చుక్క ఉంటుంది. ఆకలేసిన పిల్ల ఆ చుక్కను పొడిస్తే, తల్లో తండ్రో మింగి తెచ్చిన ఆహారాన్ని దాని ముందు కక్కుతుంది. కక్కడమనగానే పిల్లలు ముఖం చిట్లిస్తారేమో గానీ, ఆ సంగతిని మాత్రం మరచిపోరు. దీనిపై ప్రయోగాలు చేసిన నికో టిన్‌బెర్గెన్, జంతు ప్రవర్తనపై కృషికి 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఉప్పునీరు తాగి ఇవి ఎలా బతుకుతాయని కూడా పిల్లలు అడుగుతారు. కళ్ల పైనున్న గ్రంథులు రక్తంలోని అదనపు ఉప్పును వేరుచేయగా, అది చిక్కని ఉప్పునీటి బొట్లుగా ముక్కు రంధ్రాల నుంచి జారిపోతుంది.

ఉత్తర ధ్రువ ప్రాంతంలో పిల్లలను పెంచి, దక్షిణ ధ్రువ సముద్రాలకు వెళ్లి, ఏటా రెండు వేసవులు చూసే ఆర్కిటిక్ టెర్న్ ప్రయాణాన్ని ప్రపంచ పటంపై గీసి ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు