నీ డ్రాయింగ్ చూశాను, ఆ పని నేను చేయను

చిరంజీవి కిరణ్‌కు,

నాన్న ఆశీస్సులు. నీ సప్రెసర్‌కు, అదే తుపాకీ చప్పుడు తగ్గించే గొట్టానికి, లోపల ఉండే బ్యాఫిల్స్ అనే అడ్డుబిళ్లలు నాలుగు చేసి పంపమంటూ నువ్వు మెయిల్లో పంపిన డ్రాయింగ్ చూశాను. కొలతలు శుభ్రంగా వేశావు, టాలరెన్సులు కూడా సరిగా ఇచ్చావు. బాలానగర్ షెడ్డులో మన లేత్ మీద అది పెద్ద పనేమీ కాదు. అయినా చేయను, కుర్రాళ్ల చేత చేయించను. ఫోనులో చెబితే మధ్యలో అడ్డుపడి నన్ను ఒప్పించేస్తావని కాగితం మీద పెడుతున్నాను.

నువ్వు తుపాకీకి సప్రెసర్ కొన్నానన్నప్పుడు మీ అమ్మ కంగారుపడింది గానీ నేను పడలేదు. రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది, ఆ గొట్టం అందులో 20 నుంచి 35 తగ్గిస్తుంది. అంటే అప్పుడు కూడా గట్టి చప్పుడే, సినిమాల్లో చూపించే ఉఫ్ మనే శబ్దం కాదు. ప్రెస్ షాపులో పనిచేసి కుడి చెవి సగం పోగొట్టుకున్నవాడిని, చెవులు కాపాడుకుంటానంటే నేనెందుకు కాదంటాను? టెక్సాస్‌లో అడవి పందుల బెడద ఎంతో నువ్వు చెప్పగా విన్నాను. ఫారం నింపి, వేలిముద్రలిచ్చి, అనుమతి వచ్చేదాకా ఆగి పద్ధతిగానే కొన్నావు.

తూటా తగిలి లోపలి బ్యాఫిల్స్ దెబ్బతిన్నాక నీ ఆలోచన దారి తప్పింది. "రిజిస్టర్ అయిన వస్తువే కదా నాన్నా, పాడైన భాగం మార్చుకుంటే తప్పేమిటి?" అని రాశావు. స్కూటరుకు పిస్టన్ రింగులు మార్చినంత తేలిగ్గా అడిగావు. మీ అమెరికా చట్టం అలా చూడదు. టెండరు షరతులు అక్షరం అక్షరం చదివి బతికినవాడిని కాబట్టి నీ మెయిల్ వచ్చాక దాన్ని కూడా అలాగే చదివాను.

1934లో వచ్చిన జాతీయ తుపాకుల చట్టం సప్రెసర్‌ను మెషిన్‌గన్‌ల సరసన పెట్టి 200 డాలర్ల పన్ను వేసింది. 1986లో చేసిన సవరణ నీకు ముఖ్యం. సప్రెసర్ కూర్చడానికి మాత్రమే ఉద్దేశించిన ఏ ఒక్క భాగమైనా సరే, చట్టం కంటికి అది పూర్తి సప్రెసరే. అంటే నువ్వు నన్ను చేయమన్నవి నాలుగు విడిభాగాలు కావు, నంబరు లేని, రిజిస్టర్ కాని నాలుగు సప్రెసర్లు. పాతవాటిని తీసి పారేసి వీటిని ఆ గొట్టంలోనే పెట్టినా అంతే. బిగించకుండా డ్రాయరులో పెట్టుకున్నా అంతే. ఒక్కదానికే పదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

2026 జనవరి 1 నుంచి పన్ను సున్నా అయింది కదా అంటావేమో. పోయింది పన్నే. దరఖాస్తు, ఫోటో, వేలిముద్రలు, రిజిస్ట్రేషను అన్నీ అలాగే ఉన్నాయి. కొత్తది స్వయంగా తయారుచేసుకోవాలన్నా ముందు అనుమతి రావాలి, ఆ తర్వాతే లోహం మీద పనిముట్టు పెట్టాలి. తుపాకీ శుభ్రం చేసే సాల్వెంట్ ట్రాప్ అనే పేరుతో అమ్మిన కిట్లను కొని, వాటితో చేసుకుంటామని దరఖాస్తు పెట్టినవాళ్లకు 2022లో ఏమైందో చూడు. ఆ కిట్టే సప్రెసర్ అంటూ అక్కడ తుపాకుల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ చాలా దరఖాస్తులు తిరగ్గొట్టింది.

నీ స్నేహితుడు చెప్పిన టెక్సాస్ చట్టం సంగతి కూడా చూశాను. రాష్ట్రంలో తయారై రాష్ట్రంలోనే ఉండే సప్రెసర్‌కు కేంద్ర చట్టం వర్తించదని 2021లో అక్కడ రాసుకున్న మాట నిజమే. కాన్సాస్ 2013లోనే అలాంటిది తెచ్చింది. దాన్ని నమ్మి ఒక దుకాణదారు సప్రెసర్లు చేసి అమ్మాడు, ఇంకొకాయన కొన్నాడు. ఇద్దరినీ 2016లో ఫెడరల్ కోర్టు దోషులుగా తేల్చింది. 2018లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది, మరుసటి ఏడాది సుప్రీం కోర్టు వినడానికే ఒప్పుకోలేదు. వాళ్లకు జైలు పడలేదు, ప్రొబేషన్‌తో బయటపడ్డారు. కానీ వాళ్లు పౌరులు. నీ చేతిలో ఉన్నది గ్రీన్‌కార్డు. తుపాకీ నేరంలో శిక్షపడిన విదేశీయుణ్ణి దేశం నుంచి పంపించవచ్చు. పైగా రిజిస్టర్ కాని సప్రెసర్ ఉంటే పెట్టే సెక్షను వలస చట్టంలో తీవ్రనేరాల జాబితాలో పేరుపెట్టి మరీ ఉంది. ఆ జాబితాలో పడ్డాక జడ్జికి దయ చూపించే వీలు కూడా దాదాపు మిగలదు. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్లూ తుపాకీ ముట్టుకోవడానికే జంకావు. కార్డు రాగానే ఆ జాగ్రత్త ఎటు పోయింది?

ఇక నన్ను చేసి పంపమన్నావే, అది మరీ గొప్ప ఆలోచన. సప్రెసర్‌ను అమెరికాలోకి దిగుమతి చేసుకునే దారి సొంత అవసరానికి అడిగే మామూలు మనిషికి లేదు. ఇక్కడ మన 1959 ఆయుధ చట్టంలో తుపాకీ అన్న మాటకే శబ్దం తగ్గించే పరికరాలు, వాటి భాగాలు కూడా చేర్చి ఉంచారు. లైసెన్సు లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తర్వాత ఏడేళ్లకు తగ్గని శిక్ష, గరిష్ఠంగా యావజ్జీవం. ఈ వయసులో నాకు అంత సరదా లేదు.

ఆ డ్రాయింగ్ నాకు పంపడం కూడా చిన్న విషయం కాదు. సప్రెసర్లు అమెరికా సైనిక సామగ్రి జాబితాలో ఉన్నాయి, వాటి తయారీకి పనికొచ్చే సాంకేతిక వివరాలు విదేశానికి వెళ్లాలంటే అక్కడి విదేశాంగ శాఖ అనుమతి కావాలి. మెయిల్ కూడా వెళ్లడమే. నేను దాన్ని ప్రింటు తీయలేదు, ఎవరికీ పంపలేదు. నువ్వు కూడా ఏదీ చెరపకుండా, ఇంకెవరికీ పంపకుండా ముందు ఒక లాయరును కలువు. తుపాకుల చట్టం, వలస చట్టం రెండూ తెలిసినవాడైతే మంచిది.

బాగుచేయించే దారి లేదనడం లేదు. ఆ సప్రెసర్ తయారుచేసిన కంపెనీకి లైసెన్సు ఉంటుంది, వాళ్లు లోపలి భాగాలు మార్చి అదే నంబరుతో తిరిగి ఇవ్వగలరు. ఇంకో లైసెన్సుదారు దగ్గరికైనా వెళ్లు, స్నేహితుడి గరాజుకు మాత్రం వద్దు. పైగొట్టం కూడా పోయిందంటే లెక్క మారుతుంది. గొట్టం మార్చడం మరమ్మతు కాదు, కొత్తది తయారుచేయడమేనని ఏటీఎఫ్ ఎప్పటినుంచో చెబుతోంది. దాని మీద చెక్కిన నంబరు మాత్రం చెరగనివ్వకు, రంగు వేయించినా అది కనబడాలి.

ఒక పనివాడిగా ఇంకో మాట. నేరుగా బిగిసిన గొట్టంలో తూటా అంచుకు తగలదు. బ్యారెల్ చివర సప్రెసర్ బిగించే త్రెడ్ గానీ, అది ఆనుకునే షోల్డర్ గానీ బోరుకు, అంటే తూటా వెళ్లే రంధ్రానికి, వంకరగా ఉండి ఉంటుంది. బ్యాఫిల్స్ మార్చినా ఆ వంకర పోదు, మళ్లీ తగులుతుంది. ముందు బ్యారెల్‌ను తుపాకులు బాగుచేసే మంచి గన్‌స్మిత్‌కు చూపించు. అది దాచుకోవలసిన పని కూడా కాదు.

న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చేలా ఉందని కోడలు చెప్పింది. అక్కడ మామూలు మనిషి దగ్గర సప్రెసర్ ఉండకూడదు. అలాంటి రాష్ట్రాలు ఎనిమిది, న్యూయార్కు, కాలిఫోర్నియా కూడా వాటిలోవే. ఎడిసన్‌లో ఇల్లు చూడకముందే దాన్ని ఏం చేయాలో తేల్చుకో. సామాన్లతో పాటు ట్రక్కులో వేసేయకు.

లాయరు ఏమన్నాడో ఆదివారం ఫోనులో చెప్పు. చెప్పకపోతే కోడలికి చేస్తాను, ఆమెకు ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపిస్తాను.

మీ నాన్న