కోటు ఉతక్కుండా పంపండి: పాత మిలిటరీ యూనిఫాంల గుర్తింపు పనిలో మార్పులు

తాతల, ముత్తాతల మిలిటరీ కోట్లు మాకు పంపే కుటుంబాలకూ, పాత యూనిఫాంలు సేకరించేవారికీ ఈ కబురు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూసి ‘ఇది ఫలానా డివిజన్, ఈయన ఫలానా చోట పనిచేశారు’ అని ఇకమీదట రాసివ్వం. ఫోటోలో మాకు తోచింది నోటిమాటగా, ఉచితంగా చెబుతాం. సంతకంతో ఇచ్చే కాగితం మాత్రం కోటు మా బల్ల మీదికి వచ్చాకే. దీనివల్ల ఆలస్యం అవుతుంది, మీకు కొరియర్ ఖర్చు పెరుగుతుంది. ఎందుకు తప్పదో కింద రాశాం. చదివితే సగం పరిశీలన మీరే ఇంట్లో చేసుకోవచ్చు.

మాకు ఎక్కువగా వచ్చేవి రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ కోట్లు. వాటి మీద ముందు చూడాల్సినవి ఎడమ జేబు పైన కుట్టిన రిబ్బన్లు, అంటే ఒక్కో పతకానికి గుర్తుగా కుట్టే రంగు చారల గుడ్డముక్కలు. ఒక్కో రిబ్బన్ వెడల్పు 32 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలవండి. 35 వస్తే అది అమెరికన్ రిబ్బన్ అయ్యే అవకాశం ఎక్కువ. ఎదురుగా నిలబడి ఎడమ నుంచి కుడికి చదవాలి. ముందు 1939–45 స్టార్ (స్టార్ అంటే నక్షత్రం ఆకారపు యుద్ధ పతకం), తర్వాత ఆఫ్రికా, పసిఫిక్, బర్మా, ఇటలీ స్టార్లు, ఆపైన డిఫెన్స్ మెడల్, వార్ మెడల్, చివర ఇండియా సర్వీస్ మెడల్. అన్నీ ఒకరికే ఉండవు, కానీ ఉన్నవి ఈ వరసలోనే ఉండాలి. పసిఫిక్, బర్మా స్టార్లు రెండూ ఒకే వ్యక్తికి ఇవ్వలేదు. రెండూ పక్కపక్కన కనబడితే వాటిలో ఒకటైనా తర్వాత చేరిందే.

1939–45 స్టార్‌లో ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానమైన మూడు చారలు. నౌకాదళం, సైన్యం (ఆర్మీ), వైమానిక దళం అన్నమాట. చూసేవారికి ముదురు నీలం ఎడమవైపు ఉండాలి. ఆఫ్రికా స్టార్‌ది ఇసుక రంగు, నడుమ వెడల్పాటి ఎరుపు, ఒక పక్క సన్నని ముదురు నీలం, మరో పక్క సన్నని లేత నీలం. ఇక్కడా ముదురు నీలం ఎడమవైపే. ఈ రెండూ, పసిఫిక్ స్టారూ తప్ప పైన చెప్పిన మిగతా రిబ్బన్లు ఎటు తిప్పినా ఒకేలా ఉంటాయి. బర్మా స్టార్‌కు నడుమ వెడల్పాటి ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలంలో ఒక్కో నారింజ చార. ఇటలీ స్టార్ ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. డిఫెన్స్ మెడల్ నడుమ నారింజ, పక్కల ఆకుపచ్చ, ఆ పచ్చలో సన్నని నల్ల గీత. వార్ మెడల్ అంచులు ఎరుపు, లోపల నీలం, సరిగ్గా మధ్యలో సన్నని ఎర్ర గీతకు అటూ ఇటూ తెలుపు. ఇండియా సర్వీస్ మెడల్ ముదురు నీలం, అంచులూ మధ్యనున్న రెండు సన్నని గీతలూ లేత నీలం.

ఫోటోతో వచ్చే చిక్కు ఇక్కడే. కొన్ని ఫోన్ల ముందు కెమెరా బొమ్మను అద్దంలో లాగా తిప్పి దాచుతుంది. అప్పుడు సరిగ్గా కుట్టిన 1939–45 స్టార్ తలకిందులుగా కుట్టినట్టు, వరస మొత్తం తారుమారైనట్టు కనిపిస్తుంది. గుండీలు ఎటు పక్క ఉన్నాయో చూస్తే తెలిసిపోతుంది: మగవారి కోటుకు వేసుకున్నవారి కుడివైపు గుండీలు ఉంటాయి. పసుప్పచ్చ బల్బు కింద ముదురు నీలం నల్లగా, లేత నీలం బూడిదగా మారుతుంది. రిబ్బన్ అసలు రంగు పైన వెతక్కండి. అంచు లోపలికి మడిచిన చోట ఎండ తగలదు, అక్కడ రంగు నిలిచి ఉంటుంది. భూతద్దంతో ఆ మడత చూడటమే ఈ పని మొత్తంలో అన్నిటికన్నా నమ్మదగ్గ పరీక్ష అని మా అభిప్రాయం. కుట్టు విప్పకుండా పట్టకారుతో కొంచెం పైకెత్తితే చాలు. ఇంట్లో ఉన్న పాత నలుపు తెలుపు ఫోటోతో పోల్చేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఎరుపును పట్టుకోలేని పాత ఫిల్ము మీద ఎరుపు దాదాపు నల్లగా, నీలం తెల్లగా పడేది.

రిబ్బన్ ఏం చెబుతుందో, ఏం చెప్పదో కూడా స్పష్టంగా అనుకుందాం. వార్ మెడల్‌కు 28 రోజుల పూర్తికాల సర్వీసు చాలు, అది యుద్ధభూమికి వెళ్లారనడానికి రుజువు కాదు. ఇండియా సర్వీస్ మెడల్ భారతదేశంలో మూడేళ్ల సర్వీసుకు ఇచ్చింది. బర్మా స్టార్ ఉన్నవారంతా బర్మాలో అడుగుపెట్టారనీ లేదు. 1942 మే నుంచి 1943 చివరిదాకా బెంగాల్, అస్సాంలలో చేసిన సర్వీసుకూ అది వచ్చింది. వార్ మెడల్ రిబ్బన్ మీద చిన్న కంచు ఆకు ఉంటే అది అలంకారం కాదు, డెస్పాచ్‌లలో, అంటే సేనాధిపతి పైకి పంపే యుద్ధ నివేదికల్లో, ఆయన పేరు ప్రస్తావనకు వచ్చిందని గుర్తు. ఆకు ఊడిపోయినా దాని కాడల రంధ్రాలు మిగులుతాయి. అందుకే రిబ్బన్‌ను ఇస్త్రీ చేయొద్దంటున్నాం.

ఇక భుజం దిగువన ఉండే డివిజన్ ప్యాచ్‌లు, అంటే మనిషి ఏ డివిజన్ (సైన్యంలో పెద్ద విభాగం) వాడో చెప్పే గుడ్డ బిళ్లలు. నల్ల చతురస్రం మీద ఎర్ర గద్ద 4వ ఇండియన్ డివిజన్, నలుపు మీద ఎర్రటి గుండ్రం 5వది, పసుపు మీద నల్ల పిల్లి 17వది, ఎరుపు మీద కత్తి దూసిన పసుపు చెయ్యి 19వది, పసుపు గుండ్రంలో ఎర్ర పందెంకోడి 23వది. ఎర్ర గద్ద డివిజన్ ఎరిత్రియాలోని కెరెన్, ఉత్తర ఆఫ్రికా, ఇటలీలోని కాసినోలలో పోరాడింది. ఆ ప్యాచ్ పక్కన ఆఫ్రికా, ఇటలీ స్టార్లు ఉంటే కథ కుదురుతుంది. ఆఫ్రికా స్టార్ మీద చిన్న ‘8’ అంకె ఉంటే ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన బ్రిటిష్ ఎనిమిదో ఆర్మీతో ఉన్నారని ఇంకా బలపడుతుంది. అదే ప్యాచ్ పక్కన బర్మా స్టార్ ఒక్కటే ఉంటే, మనిషి బదిలీ అయ్యుండాలి, లేదా కోటు మీద ఎవరో చేయి పెట్టి ఉండాలి. ఏదన్నది డిశ్చార్జి కాగితం (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చేది) చూస్తే గానీ తేలదు.

ఈ గుర్తుల్లో చాలావాటిని స్వాతంత్ర్యం తర్వాత కూడా మన సైన్యం వాడుతూనే ఉంది. అందుకని ఎర్ర గద్ద కనబడగానే 1943 అనుకోకూడదు. కాలానికి గుండీలు, టోపీ బిళ్లలు చూడాలి. కిరీటం ఉంటే 1950కి ముందు నమూనా, అశోక సింహాలు ఉంటే ఆ తర్వాతిది. గుండీలు మార్చడం సులువు కాబట్టి, అన్ని గుండీల దారమూ ఒకేలా ఉందా, కింద పాత రంధ్రాలు ఉన్నాయా అన్నది కూడా చూస్తాం.

మన ప్రాంతపు కుటుంబాలు ఎక్కువగా తడబడేది ‘హైదరాబాద్’ అన్న భుజం అక్షరాల దగ్గర, అంటే భుజం మీద రెజిమెంట్ పేరు తెలిపే అక్షరాల దగ్గర. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియన్ ఆర్మీది. అందులో కుమావూనీలు, జాట్లు, అహీర్లు వంటి ఉత్తరాదివారు ఎక్కువ. 1945లో అది కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సొంత సైన్యం వేరు. దానిలోని 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ 1941 డిసెంబరులో మలయా (ఇప్పటి మలేషియాలో భాగం)లోని కోటా భారు దగ్గర ఉంది. మలయా యుద్ధానికి వచ్చేది పసిఫిక్ స్టార్. కాబట్టి ‘తాతగారు నిజాం సైన్యం, మలయాలో పట్టుబడ్డారు’ అనే ఇంటి మాటకు పసిఫిక్ స్టార్ రిబ్బన్ తోడైతే మేం గట్టిగా తీసుకుంటాం. మద్రాస్ రెజిమెంట్ సంగతీ ఉంది. అంతకుముందు రద్దయిన ఆ రెజిమెంట్‌ను 1941లో మళ్లీ నిలబెట్టారు. 1930ల కోటు అంటూ దాని మీద మద్రాస్ రెజిమెంట్ అక్షరాలు చూపిస్తే, కోటు కాలమో అక్షరాలో ఒకటి తప్పు కావచ్చు.

ప్యాచ్ పాతదేనా అన్నది తేల్చడానికి మేం మూడు చూస్తాం. ఒకటి వెనకవైపు: ప్లాస్టిక్ పూతో, ఇస్త్రీతో అతుక్కునే జిగురో ఉంటే అది ఆ కాలానిది కాదు. అప్పటి ప్యాచ్‌లు చాలావరకు స్థానికంగా, చేత్తో నడిపిన మిషను మీద కుట్టినవి. ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఉండవు, ఆ తేడాను నకిలీ అనుకోవద్దు. రెండోది కోటు గుడ్డ. ఏళ్ల తరబడి ఉన్న ప్యాచ్ కింద గుడ్డ వెలిసిపోదు, పురుగు కొట్టిన రంధ్రం ప్యాచ్‌లోనూ కోటులోనూ ఒకే చోట పడుతుంది. మూడోది అతినీలలోహిత కాంతి (యూవీ). 365 నానోమీటర్ల టార్చి వేస్తే ఇప్పటి పాలిస్టర్ దారం, తెలుపు పెంచే రసాయనం ఉన్న గుడ్డ నీలి తెలుపుగా మెరుస్తాయి. ఆ రసాయనాలు విరివిగా వాడకంలోకి వచ్చింది యుద్ధం తర్వాతే.

ఈ మూడో పరీక్ష చాలా కోట్ల మీద పనికిరాకుండా పోతోంది. శుభ్రంగా పంపుదామని మీరు డిటర్జెంట్‌లో ఉతుకుతున్నారు. అందులోని అదే రసాయనం నిజమైన 1943 దారాన్ని కూడా మెరిపిస్తుంది. పైగా ఎరుపు రంగు దిగి పక్క చారలోకి పాకుతుంది, ఉన్ని కుంచించుకుపోయి ప్యాచ్ ముడుచుకుంటుంది. అలాగే ‘మీకు సులువు’ అని ప్యాచ్ విప్పి విడిగా పంపుతున్నారు. విప్పిన క్షణమే కుట్టు ఆధారం పోతుంది, మళ్లీ తేలేం. ఇత్తడి గుండీలకు పాలిష్ వద్దు, దాని తెల్లపొడి గుడ్డలో ఇరుక్కుంటుంది. కలరా ఉండలు గుడ్డకు నేరుగా తగలనివ్వొద్దు.

పురుగు ఉందనిపిస్తే కోటును పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి, ఇంటి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజు ఆగి సంచి విప్పండి, లేకపోతే చెమ్మ గుడ్డ మీదే చేరుతుంది.

ఇకపై మా కాగితంలో మూడు భాగాలు ఉంటాయి: తేలినవి, తేలినట్టు అనిపించేవి, చెప్పలేనివి. మూడో భాగమే పెద్దదైతే సగం రుసుమే తీసుకుంటాం. పూర్తిగా వదిలేయలేం, పరీక్షకు పట్టే సమయం మాత్రం అంతే కాబట్టి. చిరిగిన రిబ్బన్ తీసి కొత్తది కుట్టే పని మానేశాం. కావాలంటే కొత్త రిబ్బన్లతో విడిగా పట్టీ చేసి ఫ్రేములో కోటు పక్కన పెడతాం, అది కొత్తదని వెనక రాస్తాం.

పంపే ముందు పతకాలు ఇంట్లో ఉన్నాయేమో చూడండి. భారత సైనికులకు ఇచ్చిన స్టార్ల వెనక, వార్ మెడల్ అంచు మీద నంబరు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. కోటు కన్నా అది బలమైన ఆధారం. డిశ్చార్జి కాగితం జిరాక్సు జత చేయండి. అది లేకపోతే ఆ నంబరుతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న రెజిమెంటల్ సెంటర్‌కు రాయండి. కోటును శుభ్రమైన తెల్ల నూలు గుడ్డలో, మడత ప్యాచ్ మీదుగా పడకుండా చుట్టి అట్టపెట్టెలో పంపండి. జేబుల్లో ఏముంటే అది అలాగే ఉంచండి.